మొక్కింది అత్త, తొక్కింది కోడలు

మా అత్తమ్మ ఇంద్రమ్మకు దేవుళ్లతో మంచి పరిచయం. మొక్కడంలో ఆమెను మించినవాళ్లు సిరిసిల్లలో లేరు, జగిత్యాలలో అసలే లేరు. కాకపోతే ఆమె మొక్కుల్లో చిన్న తిరకాసు ఉంటుంది. మొక్కేది ఆమె, తీర్చేది ఇంకొకరు. నా భర్త హరీశ్ ఇంటర్ గట్టెక్కితే తల వెంట్రుకలు ఇప్పిస్తానని మొక్కింది. గుండు ఎవరిదైందో చెప్పనక్కర్లేదు. మా మరిది సాంచాల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు, సాఫీగా నడిస్తే మామయ్య సిరిసిల్ల నుంచి వేములవాడ దాకా చెప్పుల్లేకుండా నడుస్తాడని మొక్కింది. పాపం మా మామయ్య రాములు మండుటెండలో నడిచి, అరికాళ్లు బొబ్బలెక్కి, రాజన్న గుడి ముందు కూలబడి, "గీమెకు కాళ్లు లేవా" అని అడిగాడట. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ జాగా ఖాళీగా ఉంది. అందులోకి నేను వచ్చాను.

నేను పుట్టింది కోరుట్లలో, మెట్టింది సిరిసిల్లలో, ఉంటున్నది జగిత్యాలలో. సిరిసిల్ల దుప్పట్లు, తువ్వాళ్లు తెచ్చి అమ్మే కొట్టు హరీశ్ ఇక్కడ పెట్టడంతో అత్తమ్మ, మేమిద్దరం కలిసి ఇక్కడికి వచ్చేశాం. నేనొక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. లెక్కల టీచరుకు సైకిలెందుకని అడగనివాళ్లు లేరు. థైరాయిడ్ వచ్చి ఒళ్లు పెరుగుతుంటే డాక్టరు నడవమన్నాడు. మా కాలనీ ఆడవాళ్లతో నడిస్తే ఒళ్లు తగ్గదు, ఊళ్లోవాళ్ల సంగతులు పెరుగుతాయి. అందుకని సైకిల్ కొనుక్కున్నాను. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, రాళ్ల మీద కూడా పోయే రకం. మౌంటెన్ బైక్ అంటారు. ఆదివారం పొద్దున నలుగురైదుగురం కలిసి సారంగాపూర్ వైపు గుట్టలు, కొండగట్టు వెనక మట్టిబాటలు తిరిగేవాళ్లం. బాట పట్టి దిగుతుంటే పేపర్లు, మార్కులు, ట్యూషన్లు ఏవీ గుర్తుండవు. వారంలో ఆ కొన్ని గంటలు నావి. నాకు ఆ సైకిలంటే ప్రాణం, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అత్తమ్మ సైకిల్‌ను ఏమీ అనలేదు. హెల్మెట్‌ను మాత్రం అన్నది.

"సైకిల్ తొక్కితె తొక్కు గని, గా నెత్తి మీద గుమ్మడికాయ ఏంది బిడ్డా" అన్నది.

కథ అక్కడ చెడలేదు. పెడళ్ల దగ్గర చెడింది. మా గుంపులో బాలకిషన్ అన్న అని ఒకాయన ఉన్నాడు. జగిత్యాలలో సైకిళ్ల షాపు ఆయనదే. ఆయన అందరికీ క్లిప్‌లెస్ పెడళ్లు అంటించాడు. పేరు చూసి మోసపోవద్దు. అందులో ఉన్నదే క్లిప్పు. బూటు అడుగున చిన్న ఇనుప బిళ్ల ఉంటుంది. పెడల్ మీద పెట్టి నొక్కితే టక్‌మని కరుచుకుంటుంది. ఇక రాళ్ల మీద ఎంత ఎగిరిపడ్డా కాలు జారదు. ఊడదీయాలంటే మడమను బయటికి తిప్పాలి. తిప్పడం ఒక్క క్షణం పని. ఆ క్షణంలో గుర్తుకు రావడమే అసలు పని.

బిగించుకున్న మొదటి వారమే టవర్ సర్కిల్ దగ్గర నా ముందు ఆటో టక్కున ఆగింది. బ్రేకు పట్టాను. సైకిల్ ఆగింది. కాళ్లు మాత్రం రాలేదు. ఎటూ పోకుండా, నిలబడ్డ చోటే, కూరగాయలు కొనేవాళ్లూ మా స్కూలు పిల్లల తల్లిదండ్రులూ చూస్తుండగా, సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోయాను. ఎడమ మణికట్టు విరిగింది. పరువుతో ఎముకల డాక్టరుకు సంబంధం లేదు కాబట్టి దానికి కట్టు కట్టలేదు.

ఎముక పక్కకు జరిగినట్టుందనీ, కొన్ని రోజులు చూసి అతకకపోతే ఆపరేషన్ చేసి ప్లేటు వేయాల్సి వస్తుందనీ డాక్టరు అన్నాడు. నాకు కోపం, నొప్పి, సిగ్గు కలిసి వచ్చాయి. ఏడుస్తూ హరీశ్‌తో అన్నాను:

"గా సైకిల్ అమ్మేసెయ్. మళ్ల దాని మొఖం చూడ నేను."

"సరే, అమ్మేద్దాంలే" అన్నాడు హరీశ్. ఏడ్చే పెళ్లానికి ఎదురుచెప్పే రకం కాదు.

పక్కన బెంచీ మీద అత్తమ్మ కూర్చొని ఉంది. కొంగు ముడి విప్పి ఒక రూపాయి బిళ్ల తీసి, సంచిలోంచి పసుపు గుడ్డ పేలిక తీసి, అందులో బిళ్ల కట్టింది. కళ్లు మూసుకొని పెదాలు కదిలించింది. ముడుపు కడుతున్నదని అర్థమైంది. ఏం మొక్కుతున్నదో అప్పుడు అడగలేదు. కొండగట్టు గుట్ట మీది అంజన్నకు ఏ కొబ్బరికాయలో అనుకున్నాను.

ఆ రోజు నుంచి అత్తమ్మ చాయ్ మానేసింది. ఇది చిన్న సంగతి కాదు. ఆమె పొద్దున లేవగానే ఒకటి, పది గంటలకు ఒకటి, టీవీ ముందు ఒకటి, ఎవరైనా వస్తే వాళ్ల పేరు చెప్పి ఒకటి తాగే మనిషి. అలాంటిది మేం తాగుతుంటే వేడినీళ్ల గ్లాసు పట్టుకొని కూర్చునేది. అడిగితే "కడుపుల మంట" అన్నది. నమ్మేశాం.

కట్టు విప్పిన రోజు డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక చక్కగా అతికింది, ఆపరేషన్ అక్కర్లేదన్నాడు. ఇంటికి వచ్చి కూర్చున్నాం. అత్తమ్మ ముడుపు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇగ ఎప్పుడు పోదాం గుట్టకు?" అన్నది.

"నువ్వెప్పుడంటె గప్పుడే అత్తమ్మా. కొబ్బరికాయలు ఎన్ని తేవాలె?"

"కొబ్బరికాయలు కాదు బిడ్డా. నువ్వు సైకిల్ మీద ఎక్కాలె. గుట్ట యెనక మట్టిబాట ఉన్నది గద, మీరు ఐతారం ఐతారం పోయేది. గా బాటెంబడి, కింది నుంచి మీది దాక, కాలు కింద వెట్టకుండ ఎక్కుతదని మొక్కిన. మొక్కు తీరేదాక చాయ్ ముట్టనని గూడ మొక్కిన."

నేను నోరు తెరిచేలోపే హరీశ్ అందుకున్నాడు.

"మొక్కింది నువ్వు, తొక్కేది ఆమెనా అమ్మా?"

"అవు. నాకు సైకిల్ రాదు గద" అన్నది అత్తమ్మ.

"కాలు కింద వెట్టకుండ అని ఎందుకు మొక్కినవే?"

"ఏ కాలు పెడల్ల ఇరికి వడ్డదో, గా కాలుతోనే మొక్కాలె. పంటి నొప్పికి కంటికి కాటుక వెడ్తమా?"

ఇలాంటి మనిషితో లెక్కల టీచరు ఏం వాదిస్తుంది?

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. సైకిల్ మెట్ల కింద ఉంది. హరీశ్ అమ్మలేదు, నేనూ మళ్లీ అడగలేదు. దాని మీద ఒక గళ్ల దుప్పటి కప్పి ఉంచాను. టవర్ సర్కిల్ వైపు పోవాల్సి వచ్చినా పక్క రోడ్డు పట్టేదాన్ని. నేను ఇక తొక్కనని నాకు నేనే చెప్పుకొన్నాను, ఆ మాట మీద కొంచెం సుఖంగా కూడా ఉన్నాను. ఇప్పుడు ఈమె వేడినీళ్ల గ్లాసు పట్టుకొని నా ఎదురుగా కూర్చుంటే ఆ సుఖం కాస్తా పోయింది.

ఒక వారం ఓర్చుకున్నాను. చాయ్ వాసన వస్తే ఆమె ముక్కు అటు తిరిగేది, చెయ్యి మాత్రం వేడినీళ్ల గ్లాసు మీదే ఉండేది. తలనొప్పి అని నుదుటికి గుడ్డ కట్టుకునేది. చివరికి దుప్పటి తీశాను. బాలకిషన్ అన్నను పిలిచి ఆ క్లిప్పు పెడళ్లు పీకించాను. అవి నా కళ్లకు కనబడకూడదన్నాను. వాటి జాగాలో మామూలు సాదా పెడళ్లు వేయించాను.

తరువాతి ఆదివారం నేనూ బాలకిషన్ అన్నా గుట్ట వెనక్కు పోయాం. బాట మొదట్లో బాగానే ఉంటుంది, ఎర్రమట్టి, అటూ ఇటూ సీతాఫలం చెట్లు. సగం దాటాక ఒక మలుపు వస్తుంది. అక్కడ బాట కాదు, రాళ్ల కుప్ప. పక్కన బండల మీద ఎప్పుడూ కోతులు కూర్చొని ఉంటాయి కాబట్టి మేం దాన్ని కోతుల మలుపు అంటాం. అక్కడికి రాగానే ముందు చక్రం ఒక రాయి ఎక్కింది, వెనక చక్రం దబ్బున పడింది, నా కుడికాలు పెడల్ మీద నుంచి ఎగిరి నేలకు తగిలింది. మళ్లీ కిందికి పోయి మళ్లీ ఎక్కాను. మళ్లీ అక్కడే. ఈసారి ఎడమకాలు. కోతులకు మంచి కాలక్షేపం అయింది.

"మేడం, సాదా పెడల్ మీద గిక్కడ నీ కాలు ఆగది. నాకే ఆగది" అన్నాడు బాలకిషన్ అన్న.

"మరెట్లనే అన్నా?"

"నీకు ఎరుకే. నా నోటితోని ఎందుకు అనిపిస్తవు?"

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గేటు దగ్గరే ఉంది.

"వెట్టినవా కాలు?"

"పెట్టిన."

ఆమె లోపలికి పోయి నీళ్లు వేడి పెట్టుకున్నది. ఏమన్నా అని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

ఆ సాయంత్రం పక్కన కూర్చొని మెల్లగా మొదలుపెట్టాను. మొక్కులు మార్చుకునే పద్ధతి ఉంది కదా, పూజారిని అడిగితే చెబుతాడు కదా, సైకిల్ బదులు మెట్లెక్కుతాను, కావాలంటే మోకాళ్ల మీద ఎక్కుతాను, నూటొక్క కొబ్బరికాయలు కొడతాను అన్నాను.

"మార్చుకుంటరు. అందరు మార్చుకుంటరు" అన్నది అత్తమ్మ. "నేను మార్చ."

"చాయ్ లేక తల వగులుతున్నది గద నీకు."

"నా తల నాది. నీ కాలు సంగతి సూడు."

ఇక తప్పదని తేలిపోయింది. ఆ పెడళ్లు మళ్లీ ఎక్కాలి.

బాలకిషన్ అన్న షాపుకు పోతుంటే అత్తమ్మ కూడా బయలుదేరింది. మొక్కు తనది కాబట్టి సరుకు తనూ చూడాలట. షాపులో స్టూలు మీద కూర్చొని, "సూపియ్యి కొడుకా, ఏమేం ఉన్నయో" అన్నది, పట్టుచీరలు చూపించమన్నట్టు.

ఆయన మూడు రకాల పెడళ్లు బల్ల మీద పెట్టాడు.

"గిది సూడు పెద్దమ్మా. రెండు దిక్కుల క్లిప్పే, చుట్టు అంచు ఉండది. రేసులోళ్లు వాడుతరు, మేడంకు వద్దు. గిదేమో ఒక దిక్కు క్లిప్పు, ఇంకో దిక్కు సాదా. భయమైతె సాదా దిక్కు తొక్కచ్చు. గిది మూడోది. రెండు దిక్కుల క్లిప్పే గని చుట్టు ఎడల్పు అంచు ఉంటది. క్లిప్పు వడకున్నా కాలు ఆన్తది, రాళ్లు తాకినా క్లిప్పుకు దెబ్బ తగలది."

అత్తమ్మ ఒక బూటులో చెయ్యి పెట్టి, మూడో పెడల్ మీద అదిమింది. టక్‌మన్నది. చెయ్యి తిప్పింది, ఊడింది. మళ్లీ అదిమింది. ఊడదీసింది. సొరకాయను గోరుతో గిచ్చి చూసినట్టు అన్నిటినీ చూసింది. బురద పడితే పట్టుకుంటుందా, ఇసుక ఇరికితే విడుస్తుందా అని అడిగింది. పట్టు బిగువు తగ్గించే మర ఎక్కడుందో చూపించమన్నది. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా నిలబడి చూడసాగారు.

"ఏది తీస్కుంటవు బిడ్డా?" అని చివరికి నన్ను అడిగింది.

నేను ఆశ్చర్యపోయాను. ఆమె మొక్కుల్లో ఇంతవరకు తీర్చేవాళ్లను ఏదీ అడిగింది లేదు.

నా మనసంతా రెండో రకం మీద ఉంది. ఒక వైపు క్లిప్పు, ఒక వైపు సాదా. చేతిలోకి తీసుకొని తిప్పి చూశాను. ఇది బిగిస్తే నేను ఏ వైపు తొక్కుతానో నాకు తెలుసు. ఇంటి ముందు ఒకసారి క్లిప్పు వైపు, ఆ తరువాత జీవితాంతం సాదా వైపు. పైగా కోతుల మలుపులో కాలు ఊడితే, మళ్లీ క్లిప్పు వైపు ఎటుందో వెతుక్కుంటూ బాట చూడను. భయానికి ఒక తలుపు తీసిపెట్టి, అది రాదని అనుకోవడం దండగ.

"మూడోది" అన్నాను. "గని పట్టు వదులుగ పెట్టు అన్నా. మొత్తం వదులుగ."

"నీ ఇష్టం. తొక్కేది నువ్వే" అన్నది అత్తమ్మ. అంతలోనే ఆమె కళ్లు చేతిలో ఉన్న బూటు మీద పడ్డాయి. "గిదేందిరా. గుట్టకు బూట్లతోని ఎక్కుతదా?"

అంజన్న గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోయేవాళ్లు చెప్పులు వేసుకోరు. బూటు లేకపోతే ఈ పెడల్ పనిచేయదు. నాకు లోపల ఎక్కడో చిన్న ఆశ పుట్టింది. ఈ వంకతో మొక్కు రద్దవుతుందేమో అనుకున్నాను.

అత్తమ్మ బూటు తిప్పి అడుగు చూసింది.

"కాలే కింద ఆనదన్నప్పుడు బూటెట్ల ఆన్తది? గుట్ట మన్ను తొక్కకుంటె తప్పు లేదు. గని ఎక్కెటప్పుడు గూడ ఆనొద్దు, దిగెటప్పుడు గూడ ఆనొద్దు. సైకిల్ మీద కూసున్నంకనే తొడగాలె, సైకిల్ మీదనే ఇప్పాలె."

"ఎవలు తొడుగుతరు పెద్దమ్మా?" అన్నాడు బాలకిషన్ అన్న.

"దాని మొగడు లేడా?"

అక్కడి నుంచి మా గల్లీలో నా చదువు మొదలైంది. ఇంటి ప్రహరీ గోడ పట్టుకొని సైకిల్ మీద కూర్చోవడం, కాలు నొక్కడం, మడమ తిప్పడం. మళ్లీ నొక్కడం, మళ్లీ తిప్పడం. గోడ వదిలి నాలుగు గజాలు పోయి ఆగడం. నేను ఆగబోయినప్పుడల్లా అత్తమ్మ మెట్ల మీద నుంచి "మడమ" అని కేక వేసేది. రెండు రోజులకు ఎదురింటి సుమలత కూడా "మడమ" అనడం మొదలుపెట్టింది. తరువాత పాలాయన. నేను స్కూలు నుంచి నడిచి వస్తున్నా "మేడం, మడమ" అనేవాళ్లు. తిట్టుకుంటూనే తిప్పేదాన్ని.

స్కూలు గ్రౌండులో గడ్డి మీద నేర్చుకుంటుంటే రెండుసార్లు పడ్డాను. గడ్డి మెత్తన, చెయ్యి పెట్టకుండా భుజం మీద ఒరగడం బాలకిషన్ అన్న నేర్పాడు. రెండోసారి పడ్డప్పుడు నాకు నవ్వొచ్చింది. అదే మంచి గుర్తు అన్నాడాయన. కొన్నాళ్లకు మడమ తనంతట తనే తిరగసాగింది. అప్పుడు ఆయన మరను కొద్దిగా బిగించాడు, నాకు చెప్పి మరీ. నేను వద్దనలేదు.

కోతుల మలుపు మాత్రం లొంగలేదు. కాళ్లు ఇప్పుడు ఎగరడం లేదు, నిజమే. కానీ ఆ పెద్ద రాయి దగ్గరికి వచ్చేసరికి వేగం చచ్చిపోయి సైకిల్ నిలబడేది. నిలబడితే టవర్ సర్కిల్ గుర్తొచ్చేది. వెంటనే మడమ తిరిగి కాలు నేల మీద ఉండేది. పోయిన ప్రతిసారీ అంతే. నాకొక్కదానికే తెలిసిన సంగతి ఏమిటంటే, అక్కడ నన్ను ఆపుతున్నది రాయి కాదు.

మొక్కు ఇక ఆలస్యం చేయకూడదని అత్తమ్మ మంగళవారం ఖాయం చేసింది. ముందు రోజు బూట్లను సబ్బుతో కడిగి, అడుగున ఉన్న బిళ్లలు కూడా పాత బ్రష్షుతో తోమి, మేడ మీద ఆరబెట్టి, కొత్త తువ్వాలులో చుట్టి హరీశ్‌కు ఇచ్చింది. పెడళ్లకు పసుపు కుంకుమ పెట్టింది. ముడుపు హ్యాండిల్‌కు కట్టింది. పొద్దున్నే తను ముందు దర్శనం చేసుకుంటానని సుమలతను వెంటబెట్టుకొని ఆటోలో గుట్ట పైకి పోయింది.

మేం గుట్ట కింద మట్టిబాట మొదట్లో ఆగాం. బాలకిషన్ అన్న తన సైకిల్ మీద నా వెనక రావాలి, సాక్ష్యానికి. హరీశ్ నా సైకిల్ పట్టుకున్నాడు. నేను ఉత్త కాళ్లతో ఎక్కి కూర్చున్నాను. హరీశ్ బాలకిషన్ అన్నను హ్యాండిల్ పట్టుకోమని, తువ్వాలు విప్పి, మోకాళ్ల మీద కూర్చొని నాకు బూట్లు తొడగసాగాడు. సరిగ్గా అప్పుడే పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు అటుగా వచ్చి ఆగిపోయారు.

"ఏమైంది బిడ్డా, కాలు ఇరిగిందా?" అన్నది ఒకామె.

"లేదమ్మా, మొక్కు" అన్నాడు హరీశ్, లేసు కడుతూ.

ఆమె కాసేపు చూసింది. "మంచి మొక్కే" అన్నది పక్కామెతో. "మా ఇంటాయనకు గూడ గిసొంటిది ఒకటి మొక్కాలె."

అందరూ నవ్వుకుంటూ పోయారు. హరీశ్ చెవులు ఎర్రబడ్డాయి, చేతులు మాత్రం ఆపలేదు. లేచి, "భయమైతున్నదా?" అని అడిగాడు. అవుతున్నదన్నాను. "అమ్మ ఏమన్న అంటె నేను చూస్కుంట. పడకు, అంతే" అన్నాడు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన చెప్పిన మాటల్లో నాకు బాగా నచ్చినవాటిలో అది ఒకటి. టక్, టక్ మని రెండు కాళ్లూ కరుచుకున్నాయి. ఆయన వెనక నుంచి చిన్నగా తోశాడు.

ఎర్రమట్టి బాట సాఫీగా జరిగిపోయింది. ఊపిరి సరిపోయింది, కాళ్లు సరిపోయాయి. సీతాఫలం చెట్లు అయిపోయాక ఎత్తు పెరిగింది, చిన్న గేరు వేసుకొని నెమ్మదిగా తిప్పుతూ పోయాను. మనిషి నడిచే వేగం కంటే తక్కువే. వెనక బాలకిషన్ అన్న సైకిల్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మలుపు దగ్గరికి వచ్చాను. తల ఎత్తి చూశాను.

కోతులు పక్కకు తప్పుకొని కూర్చున్నాయి. బండ మీద వాటి జాగాలో అత్తమ్మ కూర్చొని ఉంది. ఉత్త కాళ్లతో, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపి, చేతిలో కట్టె పట్టుకొని. నేను ఏ రాయి దగ్గర ఆగుతానో హరీశ్‌ను అడిగి తెలుసుకొని, గుట్ట మీద నుంచి ఈ రాళ్లలో దిగి వచ్చింది.

నన్ను చూసి కట్టె పక్కన పెట్టి లేచింది. నేను రాళ్లలోకి తొక్కాను. మొదటి రాయి దాటింది. రెండోది దాటింది. పెద్ద రాయి మీదికి ముందు చక్రం ఎక్కింది, వేగం చచ్చిపోయింది, సైకిల్ ఎప్పటిలాగే నిలబడిపోయింది. ఒళ్లంతా ఎడమకు ఒరిగింది. మడమ తిరగబోయింది.

అప్పుడు ఒక చెయ్యి నా భుజాన్ని పట్టుకుంది. ఇంకో చెయ్యి సీటును పట్టుకుంది. బీడీలు చుట్టి, మగ్గాలకు నూలు కండెలు చుట్టి, ఇద్దరు కొడుకులను ఎత్తుకున్న చేతులు. సైకిల్ పడలేదు.

"తియ్యకు" అన్నది చెవి దగ్గర. "కాలు తియ్యకు. నేనున్న. తొక్కు."

నేను తొక్కాను. ఆమె సీటు మీద నుంచి ఒక్క తోపు తోసింది. వెనక చక్రం గరగరమని రాయి ఎక్కి అవతల పడింది. రెండు కాళ్లూ పెడళ్ల మీదే ఉన్నాయి. మలుపు నా వెనకకు పోయింది. అక్కడి నుంచి పై వరకు ఎట్లా పోయానో సరిగా గుర్తు లేదు. ఏడుస్తూ తొక్కుతుంటే ముక్కు తుడుచుకోవడానికి వీల్లేదని మాత్రం తెలిసింది.

పైన చెట్టు నీడలో సుమలత పక్కన హరీశ్ నిలబడి ఉన్నాడు, ఘాట్ రోడ్డు మీదుగా బండి మీద వచ్చేశాడు. నన్ను ఆపి పట్టుకొని, బూట్లు విప్పి, తువ్వాలులో వేసుకున్నాడు. ఉత్త కాలు గుట్ట మన్ను మీద పెట్టాను. ఎండకు అప్పుడే వేడెక్కుతోంది, అయినా హాయిగా ఉంది. కాసేపటికి బాలకిషన్ అన్న సైకిల్ నడిపించుకుంటూ, పక్కన అత్తమ్మ కట్టె పట్టుకొని ఎక్కి వచ్చారు.

బాలకిషన్ అన్న ఊరుకోలేదు. "పెద్దమ్మా, నడిమిట్ల నువ్వు పట్టుకున్నవు. మొక్కు లెక్కకస్తదా మరి?"

"కాలు కింద వెట్టిందా?"

"వెట్టలే."

"మొక్కిందెవలు?"

"నువ్వే."

"మొక్కినదాని చెయ్యి వడితె స్వామి కాదంటడా? ఇన్నొద్దులు నా మొక్కులకు ఒక్కొక్కళ్లను తోలిన. గీ ఒక్కసారి నేను గూడ ఇంత తొక్కిన అనుకో" అన్నది అత్తమ్మ. మామయ్య బొబ్బలు ఆమెకు ఇంకా గుర్తున్నాయని నాకప్పుడు తెలిసింది.

ముడుపు విప్పి స్వామికి చెల్లించి, దర్శనం చేసుకొని బయటికి వచ్చి, బండ్లు నిలిపే చోట ఉన్న హోటల్ ముందు బల్ల మీద కూర్చున్నాం. హరీశ్ చాయ్‌లు చెప్పాడు. అత్తమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని ముందు వాసన చూసింది. తరువాత ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నది. గర్భగుడి ముందు కూడా అంత సేపు మూసుకోలేదు.

ఎప్పటి నుంచో నోట్లో ఉన్న మాట అడిగేశాను.

"అత్తమ్మా, అందరి లెక్క కొబ్బరికాయ మొక్కితె ఏమైతుండె? నీకు చాయ్ తిప్పలు తప్పుతుండె, నాకు గీ రాళ్ల తిప్పలు తప్పుతుండె."

ఆమె గ్లాసు దించింది.

"దవాఖానల ఏమన్నవు నువ్వు? సైకిల్ అమ్మేసెయ్, దాని మొఖం చూడ అన్నవు. ఐతారం పొద్దుగాల నువ్వు గా సైకిల్ తీస్తె నీ మొఖం ఎట్లుంటదో నేను ఎరుగనా? కొబ్బరికాయ మొక్కితె కొబ్బరికాయ కొట్టి ఇంటికస్తుంటిమి. చెయ్యి అతుకుతుండె. సైకిల్ గా దుప్పటి కిందనే ఉంటుండె."

చెయ్యి కోసం మొక్కిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను. చాయ్ చల్లారుతున్నదని ఆమె విడిపించుకుంది. ఇంకో గ్లాసు కూడా చెప్పించుకుంది.

"ఎక్కుడు అయిపోయింది. దిగుడుకు మొక్కు లేదు" అన్నది తాగి గ్లాసు పెడుతూ. "నీకు ఇష్టమున్నట్టు పో."

నేను లేచాను. తువ్వాలులోంచి బూట్లు తీసి, ఈసారి నేల మీద నిలబడి నా బూట్లు నేనే వేసుకున్నాను. సైకిలెక్కి బాట మొదట్లోకి వచ్చాను. కింద రాళ్లు, రాళ్ల కింద ఎర్రమట్టి, దాని అవతల మల్యాల వైపు పొలాలు కనబడుతున్నాయి. ఒక కాలు నొక్కాను. టక్. రెండో కాలు నొక్కాను. టక్.

"మడమ, బిడ్డా" అని వెనక నుంచి కేక వినిపించింది.

"యాదికున్నది అత్తమ్మా" అన్నాను, బ్రేకులు వదిలేశాను.